పాత పద్ధతిలో నడిచిన కొత్త మిషన్

కంప్యూటర్ నేర్చుకుంటే ఆడపిల్లలకు మంచి ఉద్యోగాలు వస్తాయని, చల్లటి గదిలో కూర్చుని చేసుకునే పని అని ఈ మధ్య అందరూ అంటున్నారు. మా వీధిలో డిగ్రీ చదువుతున్న ఇద్దరమ్మాయిలు వచ్చి చేరమంటారా అని నన్ను అడిగారు. చేరమనే చెప్పాను. గది చల్లగా ఉంటుందన్న మాట నిజమే. ఆ చల్లదనం మిషన్ కోసమని చేరిన తర్వాత వాళ్ళకే తెలుస్తుంది. నేను అలాంటి గదిలో కొన్నేళ్ళు పనిచేసి మానేశాను. ఎందుకు మానేశావని అడిగితే పాప చిన్నది కదా అంటాను. అందులో అబద్ధం లేదు. కానీ పాప పుట్టాక కూడా నేను ఉద్యోగం చేశాను, చేయగలిగేదాన్నే. పాప నిద్రపోయింది కాబట్టి ఆ అమ్మాయిలకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు వికారాబాద్‌లో. ఫ్యాక్టరీ తాండూరు దగ్గర. సిమెంటు ఫ్యాక్టరీ, పేరు అనవసరం. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు తిరిగి రావడం. మా ఆయన కులకచర్లలో బడిపంతులు, బస్సులో పోయి వస్తారు. పాపను అత్తమ్మ చూసుకునేది. అంతా బాగానే అమరింది, ఒక్కటి తప్ప. పాప నా పాలు తప్ప పట్టేది కాదు. సీసా నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసేది. పగలు గంజినీళ్ళతోనో, చెంచాతో ఇంత పాలతోనో అత్తమ్మ ఎలాగో నెట్టుకొచ్చేది. సాయంత్రమైతే మాత్రం నేను రావలసిందే. నా ఉద్యోగమంతా ఆ సాయంత్రం రైలు మీద ఆధారపడి ఉండేది. రైలు అందితే ఉద్యోగం ఉన్నట్టు, అందకపోతే లేనట్టు.

కంప్యూటర్ గదిలో ముగ్గురం. అధికారిని అందరం సార్ అనేవాళ్ళం. ఆయన అకౌంట్స్‌లో జుట్టు నెరిపించుకుని మా గదికి వచ్చిన మనిషి. రెండో ఆయనది తాండూరే. మొదటి మిషన్ వచ్చిననాటి నుంచీ ఉన్నాడు. నాకంటే చాలా పెద్ద. నేను భాయ్ అనేదాన్ని, ఆయన చెల్లె అని పిలిచేవాడు. నా టిఫిన్‌లో పచ్చడి ఉంటే వాసన పట్టేవాడు, పండక్కి ఇంటి నుంచి షీర్‌ఖుర్మా పాయసం తెచ్చి నాకు వేరే గిన్నెలో పెట్టేవాడు. మూడో మనిషిని నేను, బీఎస్సీ లెక్కలు.

రోజంతా చాలా పనులున్నా అసలైనది ఒకటే, మర్నాటి లోడింగ్ పట్టిక. ఏ డీలరుకు ఎన్ని బస్తాలు, ఏ లారీలో అన్నది సాయంత్రానికి అచ్చు వేసి ఇవ్వాలి. అది బయటికి వచ్చి, సరిచూసి, సార్ సంతకం అయితే గానీ నేను లేవడానికి వీల్లేదు. పాత మిషన్ మీద అది మెల్లగా వచ్చినా వేళకు వచ్చేది. నేను సంచి భుజాన వేసుకుని స్టేషన్‌కు ఉరికేదాన్ని.

ఆ మిషన్‌కు ఇక వయసైపోయిందని కొత్తది తెప్పించారు. దానికి కొబ్బరికాయ కొట్టి, కుంకుమ పెట్టి, ఫోటో తీశారు. దాన్ని బిగించడానికి హైదరాబాద్ నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. మా ప్రోగ్రాములన్నీ పాత మిషన్ కోసం రాసినవి. వాటిని మార్చకుండానే నడపడానికి ఒక ఏర్పాటు ఉందని అతను చెప్పాడు. మిషన్ పొద్దున లేవగానే చదువుకునే వరుసల్లో ఒక చోట పాత పద్ధతి అని పెడితే అది అచ్చం పాతదానిలాగే నడుచుకుంటుంది. కొత్త పద్ధతి అని పెడితే తనలాగా తను పనిచేస్తుంది. దానికి కంపాటిబిలిటీ అని పేరు.

సార్ అడిగింది ఒకటే. "పట్టిక నిన్న ఎట్లా వచ్చిందో రేపూ అట్లాగే రావాలె. మిషన్ మారిందని బయట ఎవరికీ తెలియకూడదు."

ఇంజనీరు పాత పద్ధతి పెట్టాడు. దానివల్ల వేగం తగ్గుతుందా అని నేనడిగాను. తగ్గదన్నాడు. అది ప్రోగ్రాములు చదవడానికి మాత్రమేనని, మిషన్ కొత్తది కాబట్టి పని ఎటూ తొందరగానే అవుతుందని చెప్పాడు. అతను అబద్ధమాడాడని నేననుకోను. అతనికి అట్లాగే చెప్పి పంపించి ఉంటారు. సాయంత్రం మా రైల్లోనే హైదరాబాద్ వెళ్ళిపోయాడు.

కొత్త మిషన్ పాతదానికంటే ఆలస్యం చేసింది. ముందు ఎవరూ నమ్మలేదు. భాయ్ నవ్వి, "కొత్త కోడలు గదా చెల్లె. జర సిగ్గు వడుతున్నది. పది దినాలైతే అదే ఉరుకుతది" అన్నాడు. పది దినాలు దాటిపోయాయి. కోడలు ఉరకలేదు. నేను సార్ గది ముందు నిలబడి అచ్చు యంత్రం చప్పుడు కోసం చెవులు రిక్కించి, బయట రైలు కూత వింటూ ఉండేదాన్ని. రెండూ ఒకేసారి వినబడిన రోజులున్నాయి. రైలు పోతే రాత్రి వచ్చే ప్యాసింజరే గతి. ఆ రైల్లో పాలు కారి నా పమిట తడిసిపోయేది. చీర మీద శాలువా కప్పుకుని కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని. ఇంటికెళ్ళేసరికి అత్తమ్మ పాపను భుజాన వేసుకుని గేటు దగ్గరే ఉండేది. నన్ను తిట్టేది కాదు. తిడితే బాగుండేది.

"ఏడ్సి ఏడ్సి ఇప్పుడే కండ్లు మూసింది. లేపాల్నా, పండనియ్యాల్నా, నువ్వే చెప్పు" అనేది.

సార్‌కు చెప్పుకుంటే ఆయన కారణం కనిపెట్టేశాడు. మిషన్‌లో లోపం లేదట. కంపెనీవాళ్ళే వచ్చి పెట్టిపోయారు కదా. డేటా ఎక్కించే చేతుల్లో లోపం ఉందట. "మీ మనసు వికారాబాద్‌లో, చేతులు ఇక్కడ. ఇక పని ఎట్లా అవుతదమ్మా" అని అందరి ముందూ అన్నాడు. ఆ తర్వాత మా విభాగంలో ఏది ఆలస్యమైనా దానికి కారణం నా పాపే. ఇంకా పళ్ళు రాని పిల్ల మీద అన్ని ఆఫీసు కాగితాల భారం పడింది.

నా చేతులు ఎప్పటిలాగే ఉన్నాయని నాకు తెలుసు. మధ్యాహ్నం అన్నం తినే వేళ ఇంజనీరు వదిలిపోయిన లావు పుస్తకం ముందేసుకుని చదివాను. అర్థమైనంతవరకు సంగతి ఇది. ఒక వీధిలో ఒక ఇల్లు వెతకాలంటే రెండు పద్ధతులున్నాయి. మొదటి ఇంటి నుంచి ఒక్కొక్క తలుపూ తట్టుకుంటూ పోవచ్చు. లేదా ఇంటి నెంబరు చూసుకుని నేరుగా పోవచ్చు. మా పాత మిషన్‌కు మొదటి పద్ధతి ఒక్కటే తెలుసు. కొత్తదానికి రెండోది వచ్చు. కానీ పాత పద్ధతి అని పెడితే తనకు వచ్చింది మరిచిపోయినట్టు నటించి, ప్రతి లారీకీ డీలర్ల జాబితా మొదటి నుంచి తలుపులు తడుతుంది. పైగా పాత ప్రోగ్రాములో ఉన్న ప్రతి మాటనూ తన భాషలోకి మార్చుకుంటూ తడుతుంది. డీలర్లు ఏడాదికేడాది పెరుగుతున్నారు. వీధి పొడుగవుతోంది.

ఇది సార్‌కు చెప్పాను. నా నుంచి తప్పించుకోలేక, నిన్నటి డేటా మీద ఒకసారి పరీక్ష చేసి చూపించమన్నాడు. భాయ్ పక్కనే ఉన్నాడు. ముందు పాత పద్ధతిలో నడిపాం. అది నడుస్తుండగానే సార్ తన గదికి పోయి, ఫోన్లు మాట్లాడి, మళ్ళీ వచ్చాడు. తర్వాత కొత్త పద్ధతి పెట్టి నడిపాం. ఈసారి ఆయన కుర్చీలోంచి లేచే లోపలే కాగితం బయటికి రావడం మొదలైంది. భాయ్ తన చేతిలో ఉన్న చాయ్ కప్పు కింద పెట్టి మిషన్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

సార్ అకౌంట్స్ మనిషి కదా, కాగితం కొస పట్టుకుని కింద మొత్తాలు చూశాడు. బస్తాలు సరిపోయాయి, లారీలు సరిపోయాయి.

"పేర్ల వరుస మారింది సార్. కొత్త పద్ధతిలో డీలరు నెంబరు ప్రకారం వస్తుంది. ఇదివరకు జాబితాలో ఎట్లా రాసుకున్నామో అట్లా వచ్చేది" అన్నాను.

"మొత్తాలు కలిసినయి గదా. వరుసదేముంది. పెట్టుండ్రి రేపటినుంచి" అన్నాడు.

ఈ మాట నేనొక్కదాన్నే వినలేదు. భాయ్ కూడా విన్నాడు.

మర్నాడు పట్టిక చాయ్ వేళకే చేతికొచ్చింది. నేను పరిగెత్తకుండా, దారిలో ఆగి అరటిపళ్ళు కొనుక్కుని స్టేషన్‌కు పోయాను. ఇంకా ఎండ ఉండగానే ఇల్లు చేరాను. అత్తమ్మ ఆశ్చర్యపోయి, సెలవు పెట్టి వచ్చావా అని అడిగింది. పాపకు పాలిస్తూ ఆమెతో చాలాసేపు మాట్లాడాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. ఇకనుంచి ఇంతే, ఉద్యోగానికీ పాపకూ మధ్య తగువు తీరిపోయింది అనుకున్నాను.

తర్వాతి రోజు పొద్దున నేను దిగేసరికి ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు దాకా లారీలు ఆగి ఉన్నాయి. బండ్లు తూచే కాటాకు అడ్డంగా మూడు లారీలు వంకరగా నిలబెట్టారు. హమాలీలు బస్తాల మీద కూర్చుని బీడీలు తాగుతున్నారు. సేడం వైపు నుంచి వచ్చిన డ్రైవర్లు కన్నడంలో ఏదో అనుకుంటూ నవ్వుతున్నారు.

ఏం జరిగిందో గేటు దగ్గరి మనిషి చెప్పాడు. అప్పుడు తెలిసింది నాకు, ఎవరూ చెప్పని సంగతి. లోడింగ్ యార్డులో జమేదార్ లారీలను మా పట్టికలో ఉన్న వరుసనే పిలుస్తాడు. మొదటి పేరు ఎవరిదైతే వాళ్ళ లారీ మొదట కాటా ఎక్కుతుంది. ఆ మొదటి పేరు ఎప్పుడూ తాండూరు పెద్ద సేటుది. ఫ్యాక్టరీ పునాది పడ్డప్పుడు భూములు ఇప్పించిన మనిషి, మొదటి డీలరు. ఆయన తర్వాత రెండో పాతవాడు, తర్వాత మూడోవాడు. పాత మిషన్ జాబితాను పై నుంచి తట్టుకుంటూ పోయేది కాబట్టి ఆ మర్యాద ఏళ్ళ తరబడి దానంతటదే నిలబడింది. కొత్త పద్ధతిలో నెంబర్లు చూసుకుంది. నెంబర్లు ఊళ్ళ ప్రకారం ఇచ్చినవి. కులకచర్ల వైపు మొదలుపెట్టి ఎవరో ఎప్పుడో వేశారు. అందుకని ఆ రోజు జమేదార్ మొదట పిలిచింది కులకచర్లలో చిన్న దుకాణం పెట్టుకున్న ఒక డీలరును. సేటు లారీలు ఎక్కడో నడుమ పడ్డాయి. అసలే సిమెంటుకు కరువైన రోజులు. వెనుకబడ్డవాడికి ఆ రోజు సరుకు అందుతుందన్న నమ్మకం లేదు. సేటు డ్రైవర్లు లారీలను కాటాకు అడ్డం పెట్టేశారు.

ఆ కులకచర్ల ఆయన నాకిప్పటికీ కళ్ళ ముందు ఉన్నాడు. తుండుగుడ్డ చేతిలో నలుపుకుంటూ జమేదార్ చుట్టూ తిరుగుతున్నాడు.

"నాకద్దన్నా ముందుగాల. నా బండి ఎన్కకు తీస్త. సేటు పోయినంక పోత. నా పేరు మీద రాసిండ్రు గని నేను రాయమన్ననా?"

సేటు తనే వచ్చాడు. ఏదో పెద్ద గొడవ చేస్తాడనుకున్నాను. చేయలేదు. మేనేజర్ గదిలో కూర్చుని పట్టిక తెప్పించుకుని, అద్దాలు పెట్టుకుని, వేలితో పేర్లు దిగుతూ పోయాడు. తన పేరు దగ్గర వేలు ఆపి, "గీడున్ననా నేను" అని మాత్రం అన్నాడు. కాగితం బల్ల మీద పెట్టి, నమస్కారం చేసి పోయాడు. ఆయన లారీలు కూడా ఖాళీగానే ఆయన వెంట పోయాయి.

మేనేజర్ మా ముగ్గురినీ పిలిపించాడు. పద్ధతి మార్చింది ఎవరని అడిగాడు.

సార్ నా వైపు చూడకుండా చెప్పాడు. "నాకు తెలియకుండా జరిగింది సార్. ఆమెకు సాయంత్రం రైలు తొందర. చిన్నపిల్ల ఉంది. రోజూ అదే మాట. తొందరగా పోవచ్చని చేసుకున్నది."

నేను నిజం చెప్పాను. పరీక్ష చేశామని, వరుస మారుతుందని ముందే చెప్పానని, సార్ పెట్టమన్నాకే పెట్టానని, అప్పుడు భాయ్ అక్కడే ఉన్నాడని. మేనేజర్ భాయ్ వైపు తిరిగాడు. భాయ్ నేల చూశాడు. ఆయన తమ్ముడు మా ఫ్యాక్టరీలోనే టెంపరరీగా ఉన్నాడు. పర్మనెంటు చేయడానికి కాగితాలు సార్ చేతుల మీదుగానే పోవాలి. ఇది నాకు తెలుసు. మేనేజర్‌కు తెలియదు.

"యాదికి లేదు సార్. నేను అప్పుడు ప్రింటర్ కాడ ఉన్నట్టున్న" అన్నాడు.

ఇంకొక మాట కూడా అక్కడ చెప్పాను. పాత పద్ధతికి తిరిగిపోవలసిన అవసరం లేదని, డీలర్ల నెంబర్లు మాత్రం మార్చి, సేటుకు ఒకటో నెంబరు ఇచ్చి, మిగతావాళ్ళకు ఇదివరకటి వరుసలోనే నెంబర్లు వేస్తే మర్యాదా నిలుస్తుంది, పనీ తొందరగా అవుతుందని. ఒక ఆదివారం కూర్చుంటే చాలన్నాను. మేనేజర్ వింటున్నట్టే కనిపించాడు. సార్ అందుకున్నాడు.

"ఒక సెట్టింగ్ మారిస్తేనే గేటు బంద్ అయింది. ఇప్పుడు నెంబర్లన్నీ మారుస్తదట సార్. ఎందుకమ్మా, ఇంకా ముందటి రైలుకు పోదామనా?"

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. మేనేజర్ కూడా కొంచెం నవ్వాడు. నా మాట తప్పని ఎవరూ రుజువు చేయలేదు. చేయనక్కర్లేకపోయింది. నాకు ఆ మాట వల్ల లాభం ఉంది కాబట్టి అది ఒక సాకు అయిపోయింది. పాప లేని మగవాడు అదే మాట అంటే అది సలహా అయ్యేది.

నన్ను తీసేయలేదు. అంత మాట రాకుండా జాగ్రత్తపడ్డారు. మిషన్‌ను పాత పద్ధతికి మార్చి, పని ఆలస్యమవుతోంది కాబట్టి ఒకరు చివరిదాకా ఉండాలని, పట్టిక పూర్తయ్యాకే కదలాలని, అది నేనేనని ఆర్డరు ఇచ్చారు. అంతసేపు ఉంటే రాత్రి ప్యాసింజరే గతి, అది కూడా తప్పితే ఆ రాత్రికి తాండూరులోనే. కావాలంటే క్వార్టర్ అడిగి చూడండని మేనేజర్ దయగా చెప్పాడు. కులకచర్ల బడి, వికారాబాద్ ఇల్లు, ఎనభై ఏళ్ళ మామ, ఇవన్నీ ఆ క్వార్టర్‌లో పట్టవు.

కొన్నాళ్ళు చూశాను. పాప బరువు పెరగడం ఆగింది. అత్తమ్మ ఒకరోజు నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది. నేను వింటాననుకున్నది వేరు, ఆమె అన్నది వేరు. "నౌకరి ఇడ్సిపెట్టకు. కాగితం మీది పేర్లకు నువ్వేం జేస్తవు. బిడ్డకు నేను సీసా అలవాటు జేస్త. నాలుగు దినాలు ఏడుస్తది, తర్వాత తాగుతది" అంది. ఆమె ప్రయత్నించింది కూడా. తాగనిది పాపే. రాజీనామా రాసి ఇచ్చినప్పుడు సార్ దాన్ని పూర్తిగా చదివాడు. కింద మొత్తాలు లేవు కాబట్టి కావచ్చు. కుటుంబ కారణాల వల్ల అని నేను రాసిన చోట వేలు పెట్టి, ఇట్లా రాయడం మంచిదైంది అన్నాడు.

చెల్లెళ్ళూ, మీరు ఈ పనిలో చేరండి. మీరు ఇచ్చే కాగితం గది దాటాక ఎవరి చేతికి పోతుందో, వాళ్ళు దాన్ని పట్టుకుని ఏం చేస్తారో ఒకసారి పోయి చూసి రండి. ఎవరూ మిమ్మల్ని తీసుకుపోరు, మీరే పోవాలి. సెట్టింగుల వల్ల వేగం తగ్గదని ఎవరైనా చెబితే నమ్మకండి, నడిపి చూడండి. ఇక మీరు చెప్పేది నిజమై ఉండి దానివల్ల మీకే మేలు జరిగేటట్టుంటే పక్కన ఒక సాక్షిని పెట్టుకోండి. ఆ సాక్షి తమ్ముడు పర్మనెంటు అయ్యాడో లేదో ముందే కనుక్కోండి.

మొన్న భాయ్ మా ఇంటికి వచ్చాడు. తమ్ముడు పర్మనెంటు అయ్యాడట, మిఠాయి డబ్బా తెచ్చాడు. పాప నడుస్తోందని మెచ్చుకున్నాడు. చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి చివరికి అసలు సంగతికి వచ్చాడు. ఇంజనీరు మళ్ళీ వచ్చాడట. డీలర్ల నెంబర్లన్నీ మార్చి, సేటుకు ఒకటి ఇచ్చి, మిషన్‌ను కొత్త పద్ధతిలో పెట్టి పోయాడట. సేటు ఖుషీ. ఈ ఆలోచన చేసినందుకు పై ఆఫీసువాళ్ళు సార్‌ను మెచ్చుకున్నారట.

"ఇప్పుడు మస్తు తొందరగ ఐతది చెల్లె. చాయ్ టైముకే పట్టిక చేతులుంటది" అన్నాడు. ఆ మాట అంటూ నా వైపు చూడలేకపోయాడు.

నా కుర్చీలో ఎవరున్నారని అడిగాను. ఇంటర్ చదివిన ఒక అమ్మాయట, పెళ్ళి కాలేదట, బుద్ధిమంతురాలట.

"ఏ రైలుకు పోతుంది?" అన్నాను.

"రైలెందుకు చెల్లె" అన్నాడు భాయ్. "గా పిల్లది తాండూరే. నడుసుకుంటనే పోతది."